బక్క ఒంట్లో చక్కెర

షుగరు జబ్బు అనగానే మన కళ్ల ముందుకొచ్చే మనిషి ఒకడున్నాడు. నలభై దాటాడు, బెల్టు రెండు కన్నాలు వదులు చేశాడు, డాక్టరు కోప్పడ్డాక తెల్లారే బూట్లు తొడిగి వాకింగ్ మొదలుపెట్టాడు. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లోనూ ఇతను ఉన్నాడు. జగ్‌దల్‌పూర్ బజారులో దుకాణం నడుపుతుంటాడు, దంతెవాడ సర్కారీ క్వార్టర్లలో కాపురముంటాడు. ఇతని గురించి రాసేవాళ్లకు కొదవ లేదు. ఈ కథనం మాత్రం ఇంకో మనిషి గురించి.

ఆ మనిషిది బస్తర్‌లోనే సుక్మా, బీజాపూర్, నారాయణపూర్ జిల్లాల్లో ఏదో ఒక లోపలి ఊరు. పాతికేళ్లో ముప్ఫయ్యేళ్లో ఉంటాయి. బరువు నలభై కిలోలకు అటూ ఇటూ. పొద్దున మండియా పేజ్, అంటే మన చోడి అంబలి. ఆ పైన రేషన్ బియ్యం అన్నం, దొరికిన ఆకుకూర. కొన్నాళ్లుగా దాహం తీరడం లేదు. రాత్రి నాలుగుసార్లు లేస్తున్నాడు. ఉన్న కండ కరిగిపోతోంది. ఇలాంటి మనిషిని చూడగానే వైద్యసిబ్బందికి ముందు తట్టేది క్షయ. తట్టడంలో తప్పేమీ లేదు, షుగరు ఉన్నవాళ్లకు క్షయ సోకే ప్రమాదం మిగతావాళ్ల కంటే రెండు మూడు రెట్లు ఎక్కువ కూడా. కానీ కఫంలో క్రిమి కనిపించలేదని ఇంటికి పంపేస్తే అసలు జబ్బు దాగే ఉంటుంది. మూత్రం పోసిన చోట చీమలు పడుతున్నాయా అని అడిగే పాతకాలపు పెద్దలు దగ్గరుంటే ఇంకాస్త ముందే తేలేదేమో.

గ్లూకోమీటర్ మీద ఒక్క చుక్క రక్తం వేస్తే చక్కెర ఉందని తెలుస్తుంది. ఏ రకం చక్కెర జబ్బో అది చెప్పదు. మాత్ర ఇవ్వాలా ఇన్సులిన్ ఇవ్వాలా అన్నది రకాన్ని బట్టి ఉంటుంది. కంటి నరాలు, కిడ్నీ వడపోత, కాలి రక్తనాళాలు ఎన్నేళ్లు నిలబడతాయన్నది ఆ మందు ఎంత త్వరగా అందిందన్న దాన్ని బట్టి ఉంటుంది.

లోపలివాడే శత్రువైతే

రకం తేల్చడానికి డాక్టర్లు వెతికే ఆనవాళ్లలో ముఖ్యమైనవి యాంటీబాడీలు. బయటి క్రిమి మీద పోరాడాల్సిన రోగనిరోధక వ్యవస్థ పొరబడి క్లోమంలోని బీటా కణాల మీద పడుతుంది. ఇన్సులిన్ తయారయ్యేది ఆ కణాల్లోనే. దాడి జరుగుతోందనడానికి సాక్ష్యంగా రక్తంలో కొన్ని యాంటీబాడీలు కనిపిస్తాయి. లండన్‌లో బొటాజో, ఫ్లోరిన్-క్రిస్టెన్సెన్, దోనియాక్ అనే ముగ్గురు 1974లో వీటిని మొదటిసారి పట్టుకుని ‘లాన్సెట్’లో ప్రకటించారు. అవి గురిపెట్టిన ప్రొటీన్లలో ఒకటి గ్యాడ్ అనే ఎంజైము అని 1990లో తేలింది. జింక్‌ను మోసుకెళ్లే జడ్‌ఎన్‌టీ8 అనే ఇంకో ప్రొటీన్ 2007లో జాబితాలో చేరింది.

సాధారణంగా ఈ దాడి చిన్నవయసులో, వేగంగా జరుగుతుంది. అది టైప్ 1. అయితే కొందరిలో నడివయసులో మొదలై నెమ్మదిగా సాగుతుంది. వాళ్లను చూస్తే టైప్ 2 అనిపిస్తుంది, కొన్నాళ్లు మాత్రలూ పనిచేస్తాయి. దీన్ని డాక్టర్లు లాడా అంటారు. బ్రిటన్‌లో జరిగిన యూకేపీడీఎస్ అనే ప్రసిద్ధ అధ్యయనంలో కొత్తగా టైప్ 2 అని చీటీ రాసినవాళ్ల రక్తం పరీక్షిస్తే, పదిమందిలో సుమారు ఒకరికి గ్యాడ్ లేదా ఐలెట్ యాంటీబాడీలు బయటపడ్డాయి.

అదే అధ్యయనంలోని 5028 మంది వివరాలను 30 ఏళ్ల పాటు అనుసరించి 2020లో తేల్చిన సంగతి ఒకటుంది. యాంటీబాడీలున్న 564 మందికి మొదటి తొమ్మిదేళ్లూ సూక్ష్మ రక్తనాళాల చిక్కులు మిగతావాళ్ల కంటే తక్కువ, సగానికి సగం లోపే. తొమ్మిదేళ్లు దాటాక లెక్క తిరగబడింది. వాళ్లకే ప్రమాదం పాతిక శాతం ఎక్కువైంది. పరిశోధకులు చెప్పిన కారణం సూటిగా ఉంది: ఏళ్లు గడిచేకొద్దీ వాళ్ల చక్కెర మరింత అదుపు తప్పింది. యాంటీబాడీ నేరుగా కంటి నరాన్ని కొరికేసిందని కాదు. అది ఇన్సులిన్‌ను హరించింది, ఇన్సులిన్ లేక చక్కెర పెరిగింది, చక్కెర నాళాన్ని దెబ్బతీసింది.

నేరుగా రక్తనాళం మీదే పనిచేసే యాంటీబాడీలు లేవా అంటే, వాటి కథ వేరు. చెడ్డ కొవ్వుగా మనమెరిగిన ఎల్‌డీఎల్ కణం చక్కెరతో, ఆక్సిజన్‌తో మారిపోయినప్పుడు శరీరం దాన్ని పరాయిదిగా చూసి యాంటీబాడీ తయారుచేస్తుంది. రెండూ కలిసి ముద్దలుగా ఏర్పడి ధమని గోడలోని భక్షక కణాల్లో చేరతాయి. అమెరికాలో టైప్ 1 రోగుల నుంచి దాచిన పాత నమూనాలను పరీక్షిస్తే ఈ ముద్దలు ఎక్కువున్నవాళ్లలో మెడ ధమని మందం, కంటి తెర దెబ్బ, మూత్రంలోకి ఆల్బుమిన్ అనే ప్రొటీన్ జారడం ఎక్కువగా ముదిరాయి. రక్తం గడ్డకట్టే గుణాన్ని పెంచే యాంటీ కార్డియోలిపిన్‌ను కూడా మధుమేహుల్లో వెతికారు. ఒక్కో చోట ఒక్కో ఫలితం వచ్చింది. నాళం చెడడం వల్ల యాంటీబాడీ పుట్టిందా, యాంటీబాడీ వల్ల నాళం చెడిందా అన్న పేచీ ఉండనే ఉంది. బస్తర్‌లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఈ పేచీతో ఇప్పట్లో పని లేదు.

పెట్టెలో ఇమడని రోగులు

టైప్ 1 అంటే యాంటీబాడీ, టైప్ 2 అంటే లావు ఒళ్లు. ఈ రెండు పెట్టెలూ యూరప్, అమెరికా రోగులను చూసి కొట్టినవి. మరి సన్నగా ఉండి, ఇన్సులిన్ తక్కువై, రక్తంలో యాంటీబాడీ ఏదీ లేని మనిషిని ఎక్కడ పెట్టాలి?

ఈ ప్రశ్న పాతదే. 1955లో హ్యూ-జోన్స్ అనే వైద్యుడు జమైకాలో ఇలాంటి రోగులను చూసి, ఏ పెట్టెలోనూ పట్టడం లేదని రాశాడు. అతను చూసినవాళ్లకు ఇన్సులిన్ చాలా కావాల్సి వచ్చింది. అయినా ఇన్సులిన్ ఆపితే టైప్ 1 వాళ్లలా కీటోన్లు పెరిగి స్పృహ తప్పరు. 1985లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పోషకాహార లోపంతో వచ్చే మధుమేహం అంటూ దీనికో విడి గది ఇచ్చింది. 1999లో ఆధారాలు చాలవంటూ ఆ గది మూసేసింది. మధ్యలో 1995 అక్టోబరులో ఒడిశాలోని కటక్‌లో ఉష్ణమండల మధుమేహాల మీద అంతర్జాతీయ సదస్సు జరిగింది. త్రిపాఠీ, సామల్ వంటి కటక్ వైద్యులు తమ వార్డుల్లో రోజూ చూస్తున్నదాన్ని అక్కడ లోకం ముందు పెట్టారు. జగ్‌దల్‌పూర్ నుంచి సరిహద్దు దాటితే వచ్చేది ఒడిశాలోని కొరాపుటే. రోగులు ఒకలాంటివాళ్లే.

కేరళలో ఇంకో రకం కనిపించింది. క్లోమంలో రాళ్లు చేరి, అది గట్టిపడి, చివరికి షుగరు వచ్చే రకం. ఎక్స్‌రేలో రాళ్లు తెల్లగా మెరుస్తాయి. చాలాకాలం నింద కర్రపెండలం మీద పడింది, అందులోని సయనైడ్ వల్లనని. మన హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో గిరిరాజ్ చందక్ బృందం 2002లో స్పింక్1 అనే జన్యువులోని మార్పుకు ఈ జబ్బుతో గట్టి సంబంధముందని చూపించింది. పేదవాడి తిండిని నిందించడం తేలిక, జన్యువు వెతకడానికి ల్యాబు కావాలి మరి.

వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో నిహాల్ థామస్, న్యూయార్క్ ఆల్బర్ట్ ఐన్‌స్టయిన్ కాలేజీలో మెరిడిత్ హాకిన్స్ కలిసి చేసిన పని 2022లో అచ్చయింది. బరువు బాగా తక్కువున్న మగవాళ్లలో, యాంటీబాడీలు లేనివాళ్లలో, ఇన్సులిన్ ఊరడం స్పష్టంగా తగ్గిందనీ, టైప్ 2లో లాగా ఒళ్లు ఇన్సులిన్‌కు మొద్దుబారిపోలేదనీ వాళ్లు కొలిచి చూపించారు. 2025 ఏప్రిల్‌లో బ్యాంకాక్‌లో జరిగిన ప్రపంచ మహాసభలో అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య దీన్ని టైప్ 5గా గుర్తించింది. లోకంలో రెండుకోట్ల నుంచి రెండున్నర కోట్ల మందికి ఇది ఉండవచ్చని సమాఖ్య అంచనా. అందరూ ఒప్పుకున్నారనుకోవద్దు. ఆకలే కారణమని రుజువు కాలేదని, రకాలు పెంచుతూ పోతే గందరగోళమేనని వాదించే నిపుణులూ ఉన్నారు. వాళ్ల అనుమానం కొట్టిపారేయదగింది కాదు.

అయితే 2025లోనే వచ్చిన ఇంకో అధ్యయనం కామెరూన్, ఉగాండా, దక్షిణాఫ్రికాల్లో టైప్ 1 అని చికిత్స పొందుతున్న 894 మంది పిల్లలనూ యువకులనూ పరీక్షించింది. మూడింట రెండొంతుల మందిలో యాంటీబాడీలే లేవు. ఇన్సులిన్ మాత్రం నిజంగానే తక్కువ. పుస్తకంలో ఉన్న టైప్ 1 వాళ్లది కాదన్నమాట.

ఛత్తీస్‌గఢ్‌లో ఈ బక్క షుగరు రోగులను మొండిగా లోకం దృష్టికి తెచ్చింది బిలాస్‌పూర్ జిల్లా గనియారీలోని జన స్వాస్థ్య సహయోగ్. ఢిల్లీ ఎయిమ్స్‌లో చదివిన కొందరు డాక్టర్లు 1990ల చివర్లో ఈ సంస్థ పెట్టారు. యోగేశ్ జైన్ వంటివాళ్లు పాతికేళ్లుగా చెబుతున్నది ఒక్కటే: షుగరు డబ్బున్నవాళ్ల జబ్బు అన్న నమ్మకం వల్ల పేదవాడి షుగరును ఎవరూ వెతకడం లేదు. బస్తర్ అక్కడికి దక్షిణాన దూరమే, కానీ కడుపులూ ఒళ్లూ అవే.

నాళానికి పేరుతో పని లేదు

టైప్ ఏదైనా రక్తనాళం చూసేది ఒక్కటే, తనలో ప్రవహించే రక్తంలో ఎంత చక్కెర, ఎన్నేళ్లు. నాళం లోపలి పొరలోని కణాలు చక్కెరను అడ్డుకోలేవు, బయట ఎంతుంటే లోపలికి అంత చేరుతుంది. చక్కెర ప్రొటీన్లకు అతుక్కుని వాటిని బిరుసెక్కిస్తుంది. ముందు చెడేవి సన్నని నాళాలు. చెరువు కింద ఆయకట్టులో నీరు తగ్గితే ముందు ఎండేది చివరి మడులే కదా. ఒంట్లో ఆ చివరి మడులు కంటి తెర, కిడ్నీ, పాదాల నరాలు. కంటి తెరలో కేశనాళికలు బుడగల్లా ఉబ్బుతాయి, చిట్లుతాయి. కిడ్నీ వడపోత నుంచి ఆల్బుమిన్ జారిపోతుంది. పాదానికి స్పర్శ పోతుంది. పెద్ద ధమనులు, అంటే గుండెవి, మెదడువి, తొడవి, తర్వాత వంతుకు వస్తాయి.

వీటిని ఆపవచ్చని నిర్ద్వంద్వంగా చూపింది అమెరికా, కెనడాల్లో 1441 మంది టైప్ 1 రోగుల మీద జరిగిన డీసీసీటీ అనే ప్రయోగం. 1993లో ఫలితాలు వచ్చాయి. చక్కెరను గట్టిగా అదుపు చేసినవాళ్లలో కంటి తెర జబ్బు కొత్తగా మొదలయ్యే ప్రమాదం 76 శాతం తగ్గింది, నరాల దెబ్బ 60 శాతం తగ్గింది. అసలు విశేషం తర్వాత బయటపడింది. ప్రయోగం ముగిశాక రెండు గుంపుల చక్కెరా దాదాపు ఒకటే అయింది. అయినా మొదట్లో జాగ్రత్తపడ్డ గుంపులో 2005 నాటికి గుండె, మెదడు ప్రమాదాలు 42 శాతం తక్కువ. తొలి ఏళ్ల చక్కెరను నాళాలు మరిచిపోలేదు. క్షయ అనుకుని, బలహీనత అనుకుని, సిరహా అనే ఊరి మంత్రవైద్యుడి దగ్గర పూజలు చేయించుకుని పోగొట్టుకునే ఆ మొదటి రెండు మూడేళ్ల విలువ ఏమిటో ఈ అంకె చెబుతుంది.

నాళం ఇంకా వెనక్కి, తల్లి కడుపు దాకా గుర్తుపెట్టుకుంటుందేమో. ఇందుకు మంచి ఆధారం మన దగ్గరే ఉంది. 1987 నుంచి 1990 వరకు హైదరాబాద్ చుట్టుపక్కల 29 ఊళ్లలో కొన్నిటిలో గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు అంగన్‌వాడీ పథకం కింద అదనపు ఆహారం ఇచ్చారు. కొన్నిటికి ఇంకా పథకం రాలేదు. అప్పటి పిల్లలు 13 నుంచి 18 ఏళ్లవాళ్లయ్యాక జాతీయ పోషకాహార సంస్థతో కలిసి పరిశోధకులు వెతికి పట్టుకుని 1165 మందిని పరీక్షించారు. తిండి అందిన ఊళ్ల పిల్లలు సుమారు సెంటీమీటరున్నర పొడవెక్కువ. వాళ్లలో ఇన్సులిన్ నిరోధకత 20 శాతం తక్కువ, ధమనుల బిరుసుదనమూ తక్కువ. ఇది 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. ఒక పూట అంగన్‌వాడీ ఆహారం ధమని గోడ మీద పదిహేనేళ్ల తర్వాత కూడా కనిపించిందన్నమాట. గర్భంలోనే ఆకలి చూసిన బస్తర్ బిడ్డ రక్తనాళాలు షుగరు రాకముందే వెనకబడి బయలుదేరతాయని అనుకోవడానికి ఇది చాలు.

అబద్ధం చెప్పే అంకె

బస్తర్‌కు ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటి ఉంది. నగరాల్లో షుగరు రోగి జాతకం మొత్తం హెచ్‌బీఏ1సీ అనే అంకెలో చూస్తారు. ఎర్రకణంలోని హిమోగ్లోబిన్‌కు మూడు నెలల్లో ఎంత చక్కెర అతుక్కుందో కొలిచే పరీక్ష అది. ఎర్రకణం సుమారు 120 రోజులు బతుకుతుందన్న లెక్క మీద నిలబడింది. మధ్య భారతంలోని ఆదివాసీ, దళిత, వెనుకబడిన కులాల్లో సికిల్ సెల్ జన్యువు విస్తారంగా ఉంది. సికిల్ సెల్ జబ్బున్నవాళ్ల ఎర్రకణాలు ఎక్కువగా పది ఇరవై రోజులకే చచ్చిపోతాయి. చక్కెర అతుక్కోవడానికి వ్యవధే ఉండదు. అంకె తక్కువ వస్తుంది, మనిషి బాగున్నాడనిపిస్తుంది. జన్యువు ఒక్కవైపు నుంచే వచ్చినవాళ్లలో కూడా అంకె కొద్దిగా తక్కువ పలుకుతుందని 2017లో అమెరికా నల్లజాతీయుల మీద జరిగిన అధ్యయనం చెప్పింది. ఎర్రకణాన్ని కాపాడే జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్నా అంతే. మలేరియా వచ్చి రక్తకణాలు పగిలినా లెక్క తప్పుతుంది. ఇనుము లోపముంటే అంకె ఎదురు దిశలో పెరుగుతుంది. ఈ నాలుగూ ఒకే గ్రామంలో, కొన్నిసార్లు ఒకే మనిషిలో ఉండే నేల ఇది.

పైగా సికిల్ సెల్ తనంతట తానే కంటి తెరనూ కిడ్నీనీ దెబ్బతీసే జబ్బు. కొడవలి ఆకారం కణాలు సన్నని నాళాల్లో ఇరుక్కుంటాయి. అంటే ఇక్కడ నాళం మీద రెండు వైపుల నుంచీ దాడి. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో ప్రధాని మొదలుపెట్టిన సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం కింద ఊరూరా రక్తపరీక్షలు జరుగుతున్నాయి. సూది ఎలాగూ గుచ్చుతున్నారు. అదే చుక్కలో చక్కెర కూడా చూడటానికి పెద్ద ఖర్చు కాదు.

పాదాల విషయం మరీ కష్టం. ఛత్తీస్‌గఢ్‌లో కుష్ఠు ఇంకా గట్టిగానే ఉంది. స్పర్శ లేని పాదం, మానని పుండు కనిపిస్తే ఆరోగ్య కార్యకర్తకు ముందు గుర్తొచ్చేది కుష్ఠే. బూట్లు లేని కాళ్లకు అడవిలో ముల్లు గుచ్చుకోవడం రోజువారీ సంగతి, తెలియకపోవడమే కొత్త. పది గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ దారం ఒకటి ఉంటే చాలు, పాదం స్పర్శ పరీక్షకు. మూత్రంలో ఆల్బుమిన్ చూసే పట్టీ ఉంటే కిడ్నీ సంగతి తెలుస్తుంది. గ్యాడ్ పరీక్ష, ఒంట్లో ఇన్సులిన్ ఎంత ఊరుతోందో చెప్పే సీ-పెప్టైడ్ పరీక్ష రాయ్‌పూర్‌కో విశాఖకో హైదరాబాద్‌కో పంపాల్సినవి. అవి వచ్చేదాకా ఇన్సులిన్ ఆపి కూర్చోవడం మూర్ఖత్వం. బక్కగా ఉండి, బరువు తగ్గుతూ, చక్కెర బాగా ఎక్కువున్న మనిషికి ముందు ఇన్సులిన్ ఇచ్చి ఆ తర్వాత పేరు వెతకాలి. యాంటీబాడీలున్నవాళ్లకు క్లోమం చేత ఇన్సులిన్ ఊరించే సల్ఫొనైల్‌యూరియా మాత్రలు ఇస్తూ పోతే మిగిలిన కాస్త ఇన్సులిన్ కూడా తొందరగా తరిగిపోతుందనడానికి ఆధారాలున్నాయి.

సంత నుంచి మిరప తోట దాకా

ఇన్సులిన్ ఇవ్వమనడం సులువు. సీసాను 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో దాచాలని డబ్బా మీద రాసి ఉంటుంది. ఫ్రిజ్ లేని ఇంట్లో తడిగుడ్డ చుట్టిన మట్టికుండే గతి. జెనీవా విశ్వవిద్యాలయం, సరిహద్దులు లేని వైద్యుల సంస్థ కలిసి కెన్యాలోని దాదాబ్ శరణార్థి శిబిరం వాతావరణాన్ని ల్యాబులో అనుకరించి, 25 నుంచి 37 డిగ్రీల మధ్య ఊగిసలాడే వేడిలో తెరిచిన ఇన్సులిన్ నాలుగు వారాలు సత్తా కోల్పోదని 2021లో నిరూపించాయి. కుండ మీద నమ్మకం ఉంచవచ్చన్నమాట. మే నెల బస్తర్ మాత్రం 37 దగ్గర ఆగదు.

అసలు భయం వేడి కన్నా ఆకలి. ఇన్సులిన్ వేసుకుని తిండి దొరకకపోతే చక్కెర ఒక్కసారిగా పడిపోయి మనిషి కూలబడతాడు. కొవ్వు లేని ఒంటికి తక్కువ మోతాదే సరిపోవచ్చని వెల్లూరు అనుభవం. పుస్తకంలో ఉన్న మోతాదు రాసి పంపేస్తే ఒక్క చెడ్డ రాత్రి చాలు, ఆ ఇల్లు మళ్లీ సూది ముట్టదు.

ఆ పైన వలస. కాకతీయుల ఓరుగల్లు పడిపోయాక అన్నమదేవుడు ఈ అడవికి వచ్చి రాజ్యం పెట్టాడని మనం చెప్పుకుంటాం. ఈ కాలంలో ప్రయాణం ఎదురు దిశలో. సంక్రాంతి దాటగానే సుక్మా, బీజాపూర్ నుంచి జనం ఖమ్మం, భద్రాద్రి, ములుగు మిరప తోటలకు కోతకు దిగుతారు. మావోయిస్టులకు వ్యతిరేకంగా సాగిన సల్వాజుడుం రోజుల్లో 2005 తర్వాత గోదావరి దాటి వచ్చి ఇక్కడే గూడేలు వేసుకున్న గుత్తికోయ ఆదివాసీలూ ఉన్నారు. బీజాపూర్ కార్డు మీద ఇచ్చే ఇన్సులిన్ ములుగు ఆస్పత్రిలో ఏ రిజిస్టరులో రాయాలి? తోటలో గుడిసె వేసుకున్న మూడు నెలలూ సీసా ఎక్కడ నింపించుకోవాలి? యాంటీబాడీ ఉన్నా లేకున్నా ఈ మూడు నెలల విరామం నాళాల ఖాతాలో పడుతుంది. రెండు రాష్ట్రాలకూ క్షయ రోగిని సరిహద్దు దాటినా వెంటాడే పద్ధతి తెలుసు, నిక్షయ్ పోర్టల్లో చేస్తున్నారు. ఇన్సులిన్‌కు అలాంటిది ఎందుకు లేదన్నది భద్రాచలం, కొంటా ఆరోగ్యాధికారులు ఒక టేబుల్ ముందు కూర్చుంటే తేలే సంగతి.

ఛత్తీస్‌గఢ్ చేతిలో లేనిదేమీ లేదు. ఆశా కార్యకర్తలు దేశంలో రాకముందే, 2002లోనే ఊరూరా మితానిన్‌లు అనే మహిళా ఆరోగ్య కార్యకర్తలను పెట్టిన రాష్ట్రం అది. 2019 అక్టోబరు 2న హాట్ బజార్ క్లినిక్‌లు, అంటే సంత క్లినిక్‌లు మొదలుపెట్టింది. ఉప్పుకూ చేపలకూ ఇప్పపువ్వు అమ్మకానికీ సంతకు వచ్చే మనిషికి అక్కడే బీపీ, షుగరు చూడటం దాని ఉద్దేశం. పాత బస్తర్ జిల్లా ఒక్కటే కేరళ కంటే పెద్దది. ఆస్పత్రికి మనిషిని రమ్మనడం కన్నా సంతకు ఆస్పత్రిని పంపడం తెలివైన పని. వారం వారం అదే సంత, అదే మనిషి. ఇన్సులిన్ మోతాదు సర్దడానికి ఇంతకన్నా అనువైన గడువు ఏ నగర క్లినిక్కుకూ లేదు.

టైప్ 5కు రోగనిర్ధారణ ప్రమాణాలు, చికిత్స సూత్రాలు రెండేళ్లలో రాయమని సమాఖ్య హాకిన్స్, థామస్‌ల ఆధ్వర్యంలో ఒక బృందాన్ని వేసింది. ఆ కాగితంలో హెచ్‌బీఏ1సీ ఇంత ఉండాలి అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే బస్తర్‌లో సగం లెక్క తప్పుతుంది. యాంటీబాడీ లేదని నిరూపించాకే ఈ రకంగా పరిగణించాలంటే, పరీక్ష చేసే ల్యాబు జగ్‌దల్‌పూర్ వైద్య కళాశాలలోనైనా ఉండాలి. వెల్లూరులో కూర్చుని రాసేవాళ్లకు ఈ ఇబ్బంది తెలియదనను. తెలిసినవాళ్లు సంత క్లినిక్‌లో పనిచేసే నర్సును కూడా ఆ బల్ల దగ్గరకు పిలిస్తే, గ్లూకోమీటర్, తూకం, టేపు, నైలాన్ దారం, మూత్రం పట్టీ, ఈ ఐదింటితో ఎంతవరకు తేల్చవచ్చో ఆమె చెప్పగలదు.